పెరట్లో ఇల్లరికం ఉన్న అల్లుడు గారికి

మహారాజశ్రీ మా పెరటి ప్రొపేన్ ట్యాంకు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లో, మేమంతా క్షేమం. మీ క్షేమం వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. నెత్తిన అడుగున్నర మంచు పెట్టుకుని, తెల్లటి పొట్ట వేసుకుని, భోజనాలయ్యాక అరుగు మీద నడుం వాల్చిన పెద్దమనిషిలా ఉన్నారు. బయట మైనస్ 4 ఫారెన్‌హీట్. మీకేం, మీ కడుపులో ఉన్నది మైనస్ 44 దగ్గరే మరిగిపోతుంది. వణుకు మా వంతు.

మొన్న శుక్రవారం మీ అమ్మగారింటి లారీ, అంటే ప్రొపేన్ కంపెనీ లారీ, వచ్చి మా ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు మీకు వడ్డించి వెళ్ళింది. డ్రైవరు తలుపు పిడికి తగిలించి పోయిన చీటీ ఇప్పుడు నా ముందే ఉంది. 251.3 గ్యాలన్లు. గ్యాలను 4 డాలర్ల 19 సెంట్లు. కింద చిన్న అక్షరాల్లో హజ్‌మత్ ఫీజు 12.95, ఫ్యూయల్ సర్‌చార్జి 9.99. వెరసి 1,075 డాలర్ల 89 సెంట్లు. ప్రొపేన్ ప్రమాదకరమైన సరుకే, కాదనను. కానీ ఆ 12.95 కట్టకపోతే ప్రమాదం లేని ప్రొపేన్ ఏమైనా తెచ్చి పోస్తారా? ఇంధనం తెచ్చే లారీకి ఇంధనం ఖర్చు నేను విడిగా ఇచ్చుకోవడం గురించి అసలు మాట్లాడను. వదిలేస్తున్నాను. నా గొడవ వేరే.

ఆ చీటీ మడిచి డ్రాయర్లో పడేసి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. నాలుగేళ్ళుగా అదే చేశాను. ఈసారి శనివారం పొద్దున్న మంచు తీస్తుంటే, ఎదురింటి పెద్దాయన తన స్నో బ్లోయరు ఆపి, రోడ్డు దాటి వచ్చి, ముక్కు తుడుచుకుంటూ అన్నారు కదా, "ఈ ఏడాది ప్రొపేన్‌వాళ్ళు మరీ దోచేస్తున్నారయ్యా. నిన్న నాకు 2.79 వేశారు."

నేను "అవునండీ, దారుణం" అన్నాను.

నా అంకె చెప్పలేదు. పరువనేది ఒకటి ఉంటుంది కదా. పార తీసుకుని, మంచు లేని చోట ఇంకో పది నిమిషాలు గీకాను.

ట్యాంకు గారూ, ఒకటే కంపెనీ. ఒకటే లారీ. అదే డ్రైవరు, అదే పైపు. ముందు మీ దగ్గరికి ఈడ్చుకొచ్చి, మీకు పోసి, చుట్టేసి, ఎదురింటికి వెళ్ళి విప్పాడు. నేను కిటికీలోంచి చూశాను. మధ్యలో రోడ్డు పాతిక అడుగులు కూడా ఉండదు. ఆ పాతిక అడుగుల్లో గ్యాలనుకి డాలరు నలభై సెంట్లు ఎక్కడ రాలిపోయాయి? 251.3తో గుణిస్తే 351 డాలర్ల 82 సెంట్లు. ఫోన్లో రెండుసార్లు గుణించాను, మారుతుందేమోనని.

నేను బేరం రాని మనిషిని కాను. ఇండియన్ స్టోర్లో బెండకాయల తోకలు ఒక్కొక్కటే విరిచి చూసి ఏరుకుంటాను. రైతుబజారులో కిలో టమాటాకి కొసరుగా కొత్తిమీర, ఆ కొత్తిమీరకి కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు అడిగిన వంశం మాది. నాషువాలో కారు కొన్నప్పుడు ఫ్లోర్ మ్యాట్ల కోసం మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. అలాంటివాణ్ణి, నాలుగు చలికాలాలు, గ్యాలను ఎంత అని ఒక్కసారీ అడక్కుండా ఆటో పే పెట్టుకుని ఊరుకున్నాను. ఇల్లు కొన్న ఏడు 2.49 అన్నారు. అదే ధర అనుకున్నాను. అది ధర కాదట, కొత్తవాళ్ళకి ఇచ్చే మర్యాదట. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత పట్టుకుని వ్యాపారం నడిపేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

ఆదివారం అమ్మ తణుకు నుంచి వీడియో కాల్ చేసింది. మొహం చూసి ఏమైందిరా అంటే చెప్పాను. అమ్మకి గ్యాలన్లు తెలియవు కాబట్టి బండల్లోకి మార్చాను. 14.2 కిలోల ఎర్ర బండ లెక్కన, మీరు శుక్రవారం తాగింది దాదాపు 34 బండలు.

"ముప్ఫై నాలుగు బండలా! ఇంట్లో పెళ్ళేమన్నా చేస్తున్నార్రా?"

"లేదమ్మా, ఇల్లు వెచ్చగా ఉండడానికి."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఆవిడకి ఒక బండ రెండు నెలలు వస్తుంది. ఆ వీధిలోనే తెల్లకార్డు ఉన్నవాళ్ళకి దీపం పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితం. కొడుకు అమెరికాలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఒక్క పూటలో ముప్ఫై నాలుగు కొన్నాడని ఎవరికి చెప్పుకుంటుంది? తర్వాత అసలు ప్రశ్న వేసింది.

"సరేలే, అక్కడ బండ ఎంత?"

ఇక్కడే నా నోరు పడిపోయింది. అమ్మ ఊళ్ళో బండ ధర మారితే పేపర్లో వేస్తారు. జనం తిట్టుకుంటారు, అది వేరే సంగతి. కానీ ఏజెన్సీవాడు ఈ వీధికో ధర, ఆ వీధికో ధర అనడు. ఇక్కడ న్యూ హాంప్‌షైర్‌లో గ్యాలను ఎంత అంటే ఏం చెప్పను? ఎవరింటి గ్యాలను? ఎదురింటిదా, నాదా? కొత్తగా చేరినవాడిదా, నాలుగేళ్ళవాడిదా? పొయ్యికి మాత్రమే వాడేవాడిదా, ఇల్లంతా వెచ్చబెట్టుకునేవాడిదా? రాష్ట్ర ఇంధన శాఖ వెబ్‌సైటులో సగటు ధర అని ఒకటి వేస్తారు. నేను ఎక్కువ కట్టి, ఎదురింటాయన తక్కువ కట్టి, ఇద్దరం కలిసి సాధించినదే ఆ సగటు.

"తర్వాత చెప్తానమ్మా" అన్నాను. ఇంకా చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగు మ్యూట్‌లో పెట్టి ఫోను అందుకున్నాను. చుట్టుపక్కల ఇంకో నాలుగు కంపెనీలున్నాయి. ఒక్కళ్ళూ వెబ్‌సైటులో ధర వేయరు. నవ్వుతున్న కుటుంబం, పక్కన కుక్క, కింద 'కోట్ కోసం ఫోన్ చేయండి'. ఫోన్ చేస్తే ప్రశ్నలు నేను అడగాలి కదా, వాళ్ళే మొదలుపెట్టారు. ఏడాదికి ఎన్ని గ్యాలన్లు? ఫర్నేసా, వేడినీళ్ళా, పొయ్యా? జనరేటరుందా? పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా నన్ను ఇన్ని అడగలేదు. ఆఖర్న, "ట్యాంకు సొంతమా, లీజా?"

"లీజు."

"ఎవరిది?"

చెప్పాను. అవతల చిన్న నిట్టూర్పు. "ఆ ట్యాంకుని మేం ముట్టుకోకూడదండీ."

లీజు ట్యాంకులో దాని సొంత కంపెనీ తప్ప ఇంకొకరు పోయకూడదట. నలుగురిదీ అదే మాట. ఒకావిడైతే పాపం, పరామర్శకి వచ్చినంత మెత్తగా చెప్పింది.

ఇక మీవాళ్ళకే చేశాను. 47 నిమిషాలు హోల్డ్‌లో పెట్టారు. నా కాల్ వాళ్ళకెంతో ముఖ్యమని మధ్యమధ్యలో గుర్తు చేస్తూనే ఉన్నారు. ఎట్టకేలకు ఒక అమ్మాయి తీసింది. ధర ఎందుకింత అంటే చలి ఎక్కువ సార్ అంది. మార్కెట్ సార్ అంది.

మార్కెట్ సంగతి నాకూ కాస్త తెలుసు తల్లీ. 2013లో మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న పంట తడిగా చేతికొచ్చి, దాన్ని ఆరబెట్టడానికే బోలెడు ప్రొపేన్ ఖర్చయింది. ఆ వెనకే ఎముకలు కొరికే చలి వచ్చింది. 2014 జనవరి ఆఖరుకి ఇళ్ళకి పోసే గ్యాలను దేశం మొత్తం మీద సగటున 4 డాలర్లు దాటింది. అదీ మార్కెట్ అంటే. ఆ ఏడు 4.19 వేసి ఉంటే మారుమాట్లాడకుండా కట్టేవాణ్ణి. దేశమంతా చూసుకునే టోకు ధర టెక్సాస్‌లో మాంట్ బెల్వ్యూది. 2023లోనూ, 2024లోనూ అది సగటున గ్యాలనుకి డాలరు కూడా లేదు. ఈ ఈశాన్య మూలకి సరుకు రైళ్ళెక్కి రావాలి, కంపెనీ బతకాలి, డ్రైవరు పిల్లలు చదువుకోవాలి. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఎదురింటాయన గ్యాసూ ఆ రైల్లోనే వచ్చింది కదా?

ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా, పాపం, తనేం ధర కట్టింది? నాకే ఎందుకో తెగింపు వచ్చి, "సరే, మీ ట్యాంకు మీరు తీసుకెళ్ళిపొండి" అన్నాను. ఒక్క నిమిషం సార్ అంది. నిజంగానే ఒక్క నిమిషం. ఇంకో గొంతు, చాలా తియ్యటి గొంతు, లైన్లోకి వచ్చింది.

"సార్, మీ కోసం 3.29 చేయగలను."

ఒక్క వాక్యానికి తొంభై సెంట్లు! అంటే ఆ ధర ఇన్నాళ్ళూ అక్కడే, ఆవిడ టేబులు మీదే ఉంది. నేను అడిగేదాకా ఇవ్వకూడదు, అంతే. బిల్లు గడువులోగా కట్టినందుకు, గొడవ పడనందుకు, నాలుగేళ్ళు వాళ్ళని నమ్మినందుకు వేసిన జరిమానా ఇది. శుక్రవారం పోసినదానికి ఈ 3.29 వర్తిస్తుందా అని అడిగాను. వర్తించదట. అది 'పాత ధర'ట. మూడు రోజుల పాతది.

ఇక ఈ 'మీరు' కట్టిపెడతాను. మర్యాద ఇవ్వబట్టే 351 డాలర్ల 82 సెంట్లు పోగొట్టుకున్నాను.

ఒరేయ్ ట్యాంకూ, నువ్వు ఇల్లరికం అల్లుడివిరా. నా పెరట్లో, నా గడ్డి మీద, దర్జాగా కాళ్ళు చాపుకుని పడుకున్నావు. నీకు ఏటా అద్దె నేనే కడుతున్నాను. ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఎదురు అద్దె ఇచ్చే మామని నేనొక్కణ్ణే అయ్యుంటాను. పైగా మా ఇంటి తిండి నీకు పనికిరాదు. మీ అమ్మ పంపిన క్యారేజీ తప్ప ముట్టవు. అదే పప్పు, అదే చారు పక్క మెస్సులో తక్కువకి వస్తుందన్నా నోరు విప్పవు. పోనీ పొమ్మంటే పోవు. నిన్ను మోసుకెళ్ళే ఖర్చు నాదే, కడుపులో మిగిలిన గ్యాసు తోడే ఖర్చూ నాదే. డబ్బు పోసి కొన్నది నేను, తోడుకుపోయేది మీ అమ్మ. ఇదంతా లీజు కాగితం మూడో పేజీలో ఉందట. ఇల్లు కొన్న రోజు కుప్పలుగా కాగితాలు ముందు పెట్టి సంతకాలు చేయించారు, అందులో అదొకటి. పిల్లనిచ్చే ముందు కూడా ఎవరూ అంత గుడ్డిగా సంతకం పెట్టరు.

కొన్ని విషయాల్లో నీ తప్పు లేదు, నిజం ఒప్పుకోవాలి. పేరుకి 500 గ్యాలన్లవాడివి, పోస్తే పట్టేది 400. ఎండకి లోపలిది ఉబ్బుతుంది కాబట్టి 80 శాతం దగ్గర ఆపేస్తారు. సరే. ఆ కుళ్ళిన గుడ్డు కంపూ నీది కాదు, లీకైతే తెలియాలని బయటివాళ్ళు కలిపేది. పొయ్యి నాబ్ సరిగ్గా తిప్పని రోజు మా అత్తగారు ఆ వాసనకి ఫ్రిజ్‌లో గుడ్లన్నీ తీసి పారేశారు. అప్పుడు కూడా నిన్నేమీ అనలేదు. అదే అత్తగారు నేను 68 దగ్గర పెట్టిన థర్మోస్టాట్‌ని 74కి తిప్పుతుంటారు. ఆవిణ్ణీ ఏమీ అనలేదు.

మంగళవారం సాయంత్రం సిగ్గు విడిచి ఎదురింటికి వెళ్ళి చీటీ చూపించాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "4.19!" అని లోపలికి కేకేసి ఆయన భార్యని పిలిచారు. ఆవిడా వచ్చి చూసింది. తర్వాత కాఫీ ఇచ్చి, పసుపు కాగితాల ప్యాడ్ ఒకటి తీశారు. ఏటా ఆగస్టులో, ఎవరికీ చలి గుర్తులేని రోజుల్లో, ఐదు కంపెనీలకి ఫోన్ చేసి ధరలు రాసుకుంటారట. ఒకరి ధర ఇంకొకరికి చెప్తారట. పదిహేనేళ్ళ ధరలు, పెన్సిలుతో. కొట్టివేతలు కూడా ఉన్నాయి. ప్రీ బై అంటే చలికాలం గ్యాసుకి ముందే డబ్బు కట్టేయడం, ప్రైస్ క్యాప్ అంటే ధర ఇంతకు మించదని కంపెనీ దగ్గర మాట తీసుకోవడం అని చెప్పారు. ఆ మాట ఇవ్వడానికి కూడా కొందరు ఫీజు తీసుకుంటారని ఆయన దగ్గరే తెలిసింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన ట్యాంకు ఆయన సొంతం. ఎప్పుడో కొనేసుకున్నారు. ఏ లారీ అయినా వచ్చి పోయొచ్చు. అందుకే ప్రతి లారీ వంగి వస్తుంది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"నువ్వెప్పుడూ అడగలేదు" అన్నారు.

ఇక్కడా అదే జవాబు.

అయినా డిసెంబరు సంగతి మర్చిపోలేదురా. చెట్లు విరిగిపడి రెండు రోజులు కరెంటు లేదు. ఫర్నేసుకి కూడా కరెంటు కావాలి కాబట్టి అదీ ఆగింది. అప్పుడు అగ్గిపుల్ల గీస్తే పొయ్యి వెలిగింది, హాల్లో ఫైర్‌ప్లేస్ వెలిగింది. అందరం దాని ముందే పక్కలు వేసుకున్నాం. ఉప్మా చేసి ఎదురింటికి కూడా పంపాం. అది 4.19 ఉప్మా అని అప్పుడు నాకు తెలియదు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ నీ దాకా దారి తీశాను. దారి లేకపోతే పైపు లాగరని చీటీ వెనకాల రాసి ఉంది. నీ నెత్తి మీద మంచు చీపురుతో దులిపి, మూత ఎత్తి చూశాను. ఎండాకాలం నాటి కందిరీగల గూడు ఒక పక్క, గేజీ ముల్లు ఒక పక్క. 71 శాతం చూపిస్తోంది. ఐదు రోజుల్లో తొమ్మిది తాగేశావు. మూత వేసి, అలవాటు కొద్దీ నీ పొట్ట మీద ఒకసారి తట్టి లోపలికి వచ్చాను.

ఈ చలికాలానికి 3.29కి ఒప్పుకున్నాను. ఆగస్టులో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ అద్దె కడుతున్న మామ

తా.క. ఉత్తరం ముగించి మెయిల్‌బాక్సు దాకా వెళ్ళొచ్చాను. మీ అమ్మ దగ్గర్నుంచే రంగుల కార్డు ఒకటి వచ్చింది, 'కరెంట్ రెసిడెంట్' పేరు మీద, అంటే ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటే వాళ్ళకి. నవ్వుతున్న కుటుంబం, పక్కన కుక్క. కొత్త కస్టమర్లకి మొదటిసారి గ్యాలను 1.99. మా ఆవిడ వెంటనే తన ఫోన్లోంచి చేసి, పుట్టింటి ఇంటిపేరు చెప్పింది. చాలా సంతోషించారు. ఎన్ని గ్యాలన్లు, ఫర్నేసా, పొయ్యా, జనరేటరుందా, వరసగా అన్నీ అడిగారు. తర్వాత అడ్రసు అడిగారు. చెప్పింది. ఒక్క నిమిషం మేడమ్ అన్నారు. ఇప్పుడు హోల్డ్ మ్యూజిక్ వస్తోంది. నాకది కంఠతా వచ్చు, పక్కన కూర్చుని తాళం వేస్తున్నాను.