పురుగు పేరు తెలియకుండా మందేం కొడతాం?

2021 చివర్లో మిరప రైతులు పడ్డ బాధ గుర్తుందా? పూతలో నల్లటి నలుసుల్లాంటి పురుగులు. పువ్వు దులిపితే అరచేతి నిండా అవే. నాన్న మందుల షాపులో అడిగితే "తామర పురుగే, ఎప్పుడూ కొట్టేదే కొట్టండి" అన్నారు. కొట్టాడు. వారం తిరక్కుండా మళ్లీ కొట్టాడు. పూత రాలిపోయింది. చివరికి తోట పీకేశాం.

అది ఎప్పుడూ వచ్చే తామర పురుగు కాదు. ఆకులు పైకి ముడుచుకునే పై ముడత తెచ్చే పాతది సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. ఇది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన త్రిప్స్ పార్విస్పైనస్. బెంగళూరులో బొప్పాయి మీద ఇది కనిపించిందని 2015లోనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆరేళ్లు! ఆ పేరు మా పొలం దాకా రావడానికి ఆరేళ్లు సరిపోలేదు. నా కడుపుమంట అక్కడే.

పెద్ద పురుగైతే రంగు చూసి కొంత పోల్చొచ్చు. పిల్ల పురుగులు మాత్రం రెండింటివీ పాలిపోయిన రంగే, మిల్లీమీటరు కూడా ఉండవు. డీఎన్‌ఏ బార్‌కోడింగ్ పనికొచ్చేది ఇలాంటి చోటే. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతి ఇది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సీఓఐ అనే జన్యువు ఉంటుంది. అందులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాలు చదివి, ముందే పేరు తేల్చిన నమూనాలతో పోలుస్తారు. గుడ్డయినా, పిల్ల పురుగైనా, తెగిన కాలైనా చాలు.

అలాగని డీఎన్‌ఏ చదివే మెషీన్ కొనేస్తే పని అయిపోదు. పోల్చడానికి పెట్టుకున్న నమూనాకే తప్పు పేరుంటే జవాబూ తప్పే. ఆ పేరు పెట్టాల్సింది మైక్రోస్కోప్ ముందు ఏళ్ల తరబడి కూర్చున్న వర్గీకరణ నిపుణులు, వాళ్లేమో తగ్గిపోతున్నారు. పైగా ఈ సీఓఐ జన్యువు తల్లి నుంచే వస్తుంది, తండ్రి వైపు సంగతి చెప్పదు. 2018లో మన దేశంలో మొక్కజొన్న మీద పడ్డ కత్తెర పురుగునే చూడండి. ఈ పురుగులోనే వరి రకం, మొక్కజొన్న రకం అని రెండు తెగలున్నాయి. సీఓఐ చదివితే ఎక్కువ నమూనాలు వరి రకమని వచ్చింది, కణ కేంద్రకంలోని మరో జన్యువు చూస్తే మొక్కజొన్న రకమని తేలింది. అందుకే రెండూ కావాలి, మెషీనూ మనిషీ.

నేను అడిగేది ఒక్కటే. మిరప పండే ప్రతి జిల్లాలో రైతు పురుగు తెచ్చిస్తే, తర్వాతి పిచికారీ లోపు పేరు చెప్పే చోటు ఒకటి ఉండాలి. ఒక్క అనవసరపు పిచికారీ ఖర్చెంతో, ఒంటికి ఎంత చేటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మొన్న నాన్నకు ఇదంతా చెప్పాను. ఈసారి పూతలో కొత్త పురుగు కనిపిస్తే స్పిరిట్ సీసాలో వేసి ఉంచుతానన్నాడు. "మరి ఎక్కడికి పట్టుకెళ్లాలిరా?" అని అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేకపోతున్నాను.