చివరి లైన్లో కనిపించేది మొత్తం కాదు

విజయవాడ ప్రెస్సుల వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సర్వర్ నిండిందా? ఏడాది దాటినవాటిని ఫైండ్‌తో వెతికి, ఎక్స్‌ఆర్గ్స్ ద్వారా డీయూకి ఇవ్వండి. చివరి లైన్లో టోటల్ చూడండి. ఎలాగూ అక్కర్లేనివే కదా, డిలీట్ చేస్తే సరిగ్గా అంత స్పేస్ వస్తుంది" అని. ఈ మూడూ లినక్స్ కమాండ్లు: ఫైండ్ ఫైళ్లు వెతుకుతుంది, ఎక్స్‌ఆర్గ్స్ ఆ పేర్లని ఇంకో కమాండ్‌కి అందిస్తుంది, డీయూ అవి డిస్కులో ఎంత చోటు తింటున్నాయో చెబుతుంది. గవర్నర్‌పేటలో నేను సర్వర్ చూసే ఒక ప్రెస్సు ఓనర్ గారు అది నాకే పంపి, "ఈ ఒక్క లైనుకి మీరెందుకండీ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి.

చివరి లైన్లో టోటల్ అన్నదే అసలు తప్పు. ఎక్స్‌ఆర్గ్స్ పేర్లన్నీ ఒకేసారి డీయూ చేతిలో పెట్టదు. లినక్స్‌లో మామూలుగా విడతకి 128 కేబీ పేర్లే పడతాయి. మిగిలినవాటికి డీయూని మళ్లీ కొత్తగా పిలుస్తుంది, విడతకో టోటల్ పడుతుంది. అట్టడుగున కనిపించేది ఆఖరి విడతది మాత్రమే. తెలుగులో పేర్లు పెట్టుకునే మనకి విడత ఇంకా త్వరగా నిండుతుంది. కంప్యూటర్లో తెలుగు అక్షరాలని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అక్షరానికి మూడు బైట్లు, దాని మీది గుడికో కొమ్ముకో మళ్లీ మూడు. 'శుభలేఖలు' అన్న ఒక్క మాటకే 24 బైట్లు! ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలుకి వంద బైట్లు వేసుకున్నా, పదమూడు వందల ఫైళ్లకే ఒక విడత అయిపోతుంది. ఆ ప్రెస్సులో నడిపి చూపిస్తే ఇరవై పైచిలుకు టోటళ్లు వచ్చాయి. అన్నిట్లోకీ చిన్నది అడుగున కూర్చుంది.

పేరులో స్పేస్ ఉంటే ఇంకో గొడవ. 'పెళ్లి కార్డు' అనే ఫైలుని ఎక్స్‌ఆర్గ్స్ రెండు ముక్కలు చేస్తుంది, ఆ పేర్లతో ఏమీ లేవని డీయూ అంటుంది, అసలు ఫైలు లెక్కలోకే రాదు. డీయూ బదులు డిలీట్ చేసే ఆర్ఎం కమాండ్ పెట్టారనుకోండి, పక్కనే 'పెళ్లి' అని నిన్న చేసిన ఫైలుంటే అది పోతుంది.

మందు చిన్నదే. ఫైండ్ చివర మైనస్ ప్రింట్0 పెట్టి (అప్పుడు పేర్లని విడదీసేది స్పేస్ కాదు, సున్నా బైటు), మధ్యలో ఎక్స్‌ఆర్గ్స్ తీసేసి, గ్నూ డీయూకి (లినక్స్‌లో మామూలుగా ఉండేదే) ఆ జాబితాని నేరుగా చదివే ఫైల్స్0-ఫ్రమ్ ఆప్షన్ ఇస్తే అన్నిటికీ కలిపి ఒకటే టోటల్.

ఆ మెసేజ్‌లో ఫైళ్లని మాత్రమే వెతకమనే మైనస్ టైప్ ఎఫ్ కూడా లేదు. అది లేకపోతే ఫైండ్ ఫోల్డర్లనీ పట్టుకొస్తుంది. రెండేళ్ల కింద తెరిచిన కస్టమర్ ఫోల్డర్ లోపలి 'పేజీలు'లో ఈ పొద్దున ఫైళ్లు వేసినా పై ఫోల్డర్ తేదీ మారదు. డీయూ ఆ పాత ఫోల్డర్‌ని చూసి లోపలి కొత్తవన్నీ కూడేస్తుంది. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది: డిస్కు మార్చినప్పుడు ఉత్త సీపీతో కాపీ చేస్తే 2015 నాటి ఫైలుకీ ఆ రోజు తేదీయే పడుతుంది. సీపీకి మైనస్ పీ ఇచ్చుంటే పాత తేదీ నిలిచేది.

"సరిగ్గా అంత స్పేస్" అన్నదీ నిలవదు. ఫైల్లో ఎన్ని బైట్లున్నాయో చూపే ఎల్ఎస్‌ని కాకుండా డీయూని నమ్మడం వరకూ మెసేజ్ రాసినాయన కరెక్టే. ఫైల్లో ఒక్క బైటున్నా డిస్కులో సాధారణంగా 4 కేబీ పోతుంది, డీయూ దాన్నే లెక్కేస్తుంది. కానీ హార్డ్ లింక్‌తో అదే ఫైలుకి ఇంకో పేరుంటే, ఈ పేరు తీసేసినా ఏమీ ఖాళీ కాదు. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలు తెరిచి పట్టుకున్నా అంతే, అది వదిలేదాకా డిస్కులో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్‌లో అంకె కదలదు.

ఇక అక్కర్లేనివి అన్న మాట. ఆ ప్రెస్సులో పంచాంగం ఫోల్డర్ ఉంది. ఉగాది పని మొదలైనప్పుడల్లా పాత ఫైళ్లు తెరిచి, పేజీ సెట్టింగ్ చూసి మూసేస్తారు. చదివితే ఎంటైం, అంటే ఫైలు చివరిసారి మారిన సమయం, మారదు కాబట్టి ఫైండ్ లెక్కలో అవి ముసలివే. పోనీ ఏటైం, అంటే చివరిసారి చదివిన సమయం, చూద్దామంటే, టార్‌తో బ్యాకప్ నడిచిన రోజున అన్నీ ఆ రోజే చదివినట్టు కనిపిస్తాయి.

సరిచేసిన లైనుతో టోటల్ తీసి ఓనర్ గారికి పంపాను. "అయితే ఇవాళే తీసేద్దామా?" అన్నారు. ముందు పంచాంగం ఫోల్డర్ ఆ లిస్టులోంచి బయటికి రావాలన్నాను.