గుర్రాన్ని చూసిన చోటు

చరిత్ర పుస్తకాల్లో ఉంటుందనుకునే అమాయకులు ఒకసారి అమెరికాలో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫయెట్ కౌంటీకి వెళ్లి రావాలి. అక్కడ అది రోడ్డు పక్కన స్తంభమెక్కి నిలబడి ఉంటుంది. తెల్ల పలక, నల్ల అక్షరాలు, నాలుగైదు ముక్కుసూటి వాక్యాలు. 60వ నంబరు రోడ్డు అప్పలాచియన్ కొండల మీద తిరిగే మలుపులకు, నడుపుతూ చదవబోయినవాడు తానే చరిత్రలో కలిసిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి బండి ఆపి చదవాలి.

ముందుగా స్యూయెల్ కొండ. దీనికి పేరిచ్చిన స్టీఫెన్ స్యూయెల్ 1749లో ఇంకా ఉత్తరాన, ఇప్పటి పోకహాంటస్ కౌంటీ అడవిలో, జేకబ్ మార్లిన్ అనే మిత్రుడితో ఒకే గుడిసెలో ఉండేవాడు. ఇద్దరే ఇద్దరు. అయినా మతం దగ్గర మాటామాటా పెరిగింది. మన అల్లుళ్లు అలిగితే పాన్పు ఎక్కుతారు, స్యూయెల్ అలిగి దగ్గర్లోని చెట్టు తొర్రలోకి మకాం మార్చాడు. రోజూ పొద్దున్నే బయటికి వచ్చి ఒకరినొకరు మర్యాదగా పలకరించుకునేవారట. అపార్ట్‌మెంట్ సంఘాలవారు ఆదర్శంగా తీసుకోదగ్గ ఏర్పాటు.

ఆ పేరుగల కొండ మీదే 1861లో, అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, దక్షిణాది సేనాని రాబర్ట్ లీ విడిది చేశాడు. అక్కడే ట్రావెలర్ అనే గుర్రాన్ని మొదటిసారి చూశాడు. గమనించాలి, చూశాడంతే. కొన్నది మరుసటి సంవత్సరం, సౌత్ కరోలినాలో. ఆ చూపును కూడా మరువకుండా పలకకెక్కించారు. ఈ లెక్కన మా మామయ్య పెళ్లిచూపులకు వెళ్లి, టిఫిను తిని, మాట చెప్పకుండా వచ్చేసిన ఇళ్లన్నిటి ముందూ స్తంభాలు పాతాలి.

ఆన్‌స్టెడ్‌లో మరో సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ తల్లి సమాధికి పలక ఉంది. ఫయెట్‌విల్‌లో ఇంకొకటి: 1863లో మిల్టన్ హంఫ్రీస్ అనే సార్జెంటు చెట్ల చాటు నుంచి, శత్రువు కంటపడకుండా ఫిరంగి పేల్చి యుద్ధ కళకు కొత్త దారి చూపాడని. చెట్టు చాటు నుంచి వాలిని కొట్టిన వైనం తెలిసినవాళ్లం కనుక, ఈ 'కొత్త' అనే మాట మీద మనం ఆ రాష్ట్ర ప్రభుత్వానికి ఒక వినతిపత్రం పంపుకోవచ్చు.

ఇక హాక్స్ నెస్ట్. 1930లో న్యూ నది నీళ్లను కరెంటు కోసం మళ్లించడానికి గాలీ కొండకు ఇక్కడ సుమారు 5 కిలోమీటర్ల సొరంగం తొలిచారు. రాయి నిండా సిలికా అనే ఖనిజం. నీళ్లు కొడుతూ తొలిస్తే దుమ్ము అణిగేది, పని నెమ్మదించేది. పొడిగానే తొలిపించారు. కూలీల్లో ఎక్కువమంది పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతివాళ్లు. సాయంత్రం సొరంగంలోంచి బయటికి వచ్చేసరికి నలుపూ తెలుపూ తేడా లేకుండా అందరూ పిండిమరలోంచి లేచి వచ్చినట్టు తెల్లగా ఉండేవారు. ఆ రోజుల్లో ఆ దేశంలో అంతటి సమానత్వం మరెక్కడా దొరికేది కాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని నెలల్లోనే మనుషులు పోయారు.

వీళ్లకూ పలక ఉంది. 1986లో పాతారు. గుర్రం కంటే ఆలస్యమే, కానీ లెక్క మాత్రం ఉదారంగా రెండుసార్లు వేశారు: 'ఒప్పుకున్న' మరణాలు 109, అమెరికా కాంగ్రెస్ విచారణ తేల్చినవి 476. ఒకే పలక మీద, వెంటవెంట వాక్యాల్లో. అంత ఇరుకు చోటులో 'ఒప్పుకున్న' అనే మాటకు జాగా దొరికించిన ఆ అజ్ఞాత గుమాస్తాకు నా దండాలు. పేర్లు మాత్రం ఒక్కటీ లేవు. గుర్రానికి ఉంది.

పోయిన కూలీల్లో కొందరిని పక్కనే నికలస్ కౌంటీలో, ఒక పొలంలో పూడ్చారు. 1972లో 19వ నంబరు రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చి ఆ సమాధులను తవ్వి మరో చోటికి తరలించారు. అక్కడ స్మారకం వెలిసింది 2012లో.

న్యూ రివర్ వంతెన మీదుగా వెళ్లేది ఆ 19వ నంబరు రోడ్డే. ఆకులు రంగు మారే రోజుల్లో ఫొటోల కోసం మనవాళ్లు కూడా కార్లు కట్టుకుని దాని మీదే వెళ్తుంటారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రోడ్డు చాలా వెడల్పుగా ఉంటుంది.