విదేశంలో విడిది ఇల్లు: నల్లగొండ వారికి కొన్ని సూచనలు

హైవే పక్కన వెంచర్లలో కొనాల్సిన ప్లాట్లన్నీ కొనేశాక మనవాళ్ల చూపు సముద్రం దాటింది. ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు ఉండి రావడానికి విదేశంలో ఒక ఇల్లు కావాలట. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

ముందు డబ్బు సంగతి. ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మైనర్లకూ ఇది వర్తిస్తుంది. ఇంట్లో ఆరుగురుంటే 15 లక్షల డాలర్లు! పొలాలు పంచుకుని వేరుపడ్డ అన్నదమ్ములు మళ్లీ ఒకే పొయ్యి మీద వండుకోవడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకైతే కనబడలేదు. 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటవుతుంది కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు. అసలు దెబ్బ ఏమిటంటే మొత్తం వైటే. ‘కాగితం మీద ఎంత రాద్దాం, చేతికి ఎంత ఇద్దాం’ అని అడిగే వీలే లేదు. అది కూడా ఒక కొనుగోలేనా అని మా బావకు అన్నం సయించలేదు.

తర్వాత పట్టా. థాయ్‌లాండ్‌లో విదేశీయుడి పేర భూమి ఎక్కదు. కాండో ఫ్లాటు కొనుక్కోవచ్చు, అదీ ఆ బిల్డింగులో విదేశీయుల వాటా 49 శాతం దాటనంత వరకే. బాలిలో సముద్రం కనిపించే విల్లా అంటే చాలావరకు పాతిక, ముప్పై ఏళ్ల లీజు. దాన్ని మన దగ్గర కౌలు అంటారు. పాస్‌బుక్కున్న ఆసామి కోట్లు పోసి కౌలుదారు కావడానికి విమానం ఎక్కుతుంటే, ఆయన పొలం చేస్తున్న కౌలుదారు గట్టు మీద నిలబడి చెయ్యూపాలి.

చవకగా కావాలంటే ఇటలీ. 2019లో సిసిలీలోని సాంబూకా అనే ఊరు పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరోకే అమ్మకానికి పెట్టింది, మూడేళ్లలో బాగు చేయించాలన్న షరతుతో. కూలిపోతున్న పెంకుటిళ్లు దేవరకొండ వైపు లేవా అంటే ఉన్నాయి. కాని వాటి మీద అన్నదమ్ముల కేసు కూడా ఉంటుంది. యూరో కాదు, కోటి ఇచ్చినా ఆఖరి తమ్ముడి సంతకం దొరకదు.

అన్నీ చూసి మావాళ్లు దుబాయికే మొగ్గారు. రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం. 20 లక్షల దిర్హాముల ఆస్తి కొంటే పదేళ్ల గోల్డెన్ వీసాకు అర్హత. బ్రోషర్‌లో ఈతకొలను ఉంది, జిమ్ ఉంది, సూర్యాస్తమయం కూడా ఉంది. గోడల గట్టితనం ఎవరినడగాలి? పాలమూరు వైపు నుంచి వెళ్లి అక్కడ టవర్ల మీద పనిచేసి వచ్చిన మేస్త్రిని పిలిపించాం. నేల మీదే కూర్చున్నాడు. ఏ బాత్రూం కింద చెమ్మ దిగుతుందో, ఎండాకాలం పడమటి గోడ ఎంత కాలుతుందో వివరంగా చెప్పాడు. గదికి ఎనిమిది మంది పడుకున్న సంగతి అడగకుండానే చెప్పాడు.

“మరి నీకు వీసా ఎన్నేళ్లు ఇచ్చారు?” అన్నాను.

“రెండేండ్లు సారూ. కంపెనీ మల్ల రాస్తే ఉండుడు, లేకుంటే ఇంటికొచ్చుడు.”

మా బావ అంతా శ్రద్ధగా విన్నాడు. విని, వంటగది ఆగ్నేయంలోనే కట్టారా అని అడిగాడు.