పేరు మారింది, ఇక ముట్టుకోండి

శుభవార్త. కరెంటు తీగను నేరుగా ముట్టుకుని చచ్చిపోవడం ఇక కుదరదు. ఆ మాటనే తీసేశారు. ‘డైరెక్ట్ కాంటాక్ట్’ నుంచి రక్షణ అని ఇన్నాళ్లూ అన్నదానికి కొత్త పేరు ‘బేసిక్ ప్రొటెక్షన్’. ‘ఇన్‌డైరెక్ట్ కాంటాక్ట్’, అంటే లోపం వల్ల కరెంటెక్కిన మోటారు బాడీ లాంటిది ముట్టుకోవడం, దాన్నుంచి రక్షణ కాస్తా ‘ఫాల్ట్ ప్రొటెక్షన్’ అయింది. వైరింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60364లో 2005లోనే ఈ మార్పు జరిగింది. మన దేశపు వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 కూడా 1989 నాటి చొక్కా విప్పేసి 2019లో ఆ దారే పట్టింది.

ఈ వెలుగు పంచడానికి నెల్లూరులో ఒక ఏసీ హాల్లో సదస్సు. కోవూరు నుంచి, ఇందుకూరుపేట నుంచి వైరింగ్ మేస్త్రీలొచ్చారు. ప్రొజెక్టర్ ప్లగ్గుకు ఎర్తు పిన్ను లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టలేదని ఎవరో కోసేశారు. ఆ ప్లగ్గు మీదే నడుస్తున్న తెర మీద ‘ఎర్తింగ్ ప్రాముఖ్యం’.

ఒక మేస్త్రీ లేచి ఈఎల్‌సీబీ గురించి, అదే కరెంటు లీకైతే లైను కోసేసే డబ్బా గురించి, అడిగాడు. పెద్దసారు నొచ్చుకున్నారు. “ఆర్‌సీసీబీ అనాలయ్యా!”

“ఏదన్నా అంటాం సార్, రొయ్యల గుంట కాడ అదే లేదు గదా.”

సారు చిరునవ్వుతో తర్వాతి స్లైడుకు వెళ్లారు. భోజనంలో రొయ్యల వేపుడు పెట్టారు, బాగుంది.

సారు చెప్పింది తప్పేం కాదు. పాతకాలపు ఈఎల్‌సీబీ ఎర్తు తీగలో వోల్టేజీ చూసేది. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా చూస్తుంది. మనిషి ప్రాణం కాపాడటానికైతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి, తేడా అంతకు చేరేలోపే లైను కోసేస్తుంది.

మరి విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద ఒక రాత్రి తిరిగి రండి. ఉప్పునీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు. టేపు చుట్టిన జాయింట్లు కట్ట మీద తడిమట్టిలో దొర్లుతుంటాయి. ఫ్యూజులో లావాటి రాగి తీగ, ఎర్తు పేరిట నేలలో గుచ్చిన గడ్డపార. ఆ చీకట్లో చెప్పుల్లేకుండా మోటారు స్విచ్చు వెయ్యడానికి వెళ్లే కూలివాడికి ఏ ప్రొటెక్షన్ ఉందని ఈ పేర్లు? ఆ ఆర్‌సీసీబీ డబ్బా ఖరీదు ఒకటి రెండు మేత బస్తాలంత! రొయ్యకు ఊపిరాడకపోతే అర్ధరాత్రి జనరేటర్ తెప్పిస్తారు, మనిషికి ఇది బిగించడానికి చేతులు రావా? బిగించారో లేదో చూడాల్సినవాళ్లు హాల్లో కూర్చుని మేస్త్రీ ఉచ్చారణ దిద్దుతారా?

వాడు చచ్చాక రాసే కాగితంలో ‘ఫాల్ట్ ప్రొటెక్షన్ లేదు’ అని ఒక్కరూ రాయరు. ‘అజాగ్రత్తగా తీగ పట్టుకున్నాడు’ అని రాస్తారు.