ఆట అందరికీ మంచిదే, ప్రణాళిక మాత్రం ఎవరిది వారికే

పునరావాస కేంద్రాల్లోనూ, వృద్ధుల సంరక్షణ గృహాల్లోనూ పనిచేసేవారి మధ్య ఒక వాదన విస్తృతంగా ప్రచారంలో ఉంది. వినోదం ఎవరికైనా మేలే చేస్తుంది కాబట్టి థెరప్యూటిక్ రిక్రియేషన్‌కు, అంటే ఆటలు, వినోద కార్యక్రమాల ద్వారా చేసే చికిత్సకు, చక్కని నెలవారీ కార్యక్రమాల పట్టిక ఉంటే చాలునని, ఒక్కో క్లయింటుకు విడిగా ప్రణాళిక రాయడం తనిఖీకి వచ్చేవారి కోసం చేసే కాగితాల పని అని, ఎవరికేం కావాలో వాళ్ళనే అడిగితే సరిపోతుందని, బృంద కార్యక్రమంలో వ్యక్తిగత లక్ష్యాలు ఎలాగూ సాధ్యం కావని, లక్ష్యం పెట్టుకొని ఆడితే అది ఆటే కాదని ఆ వాదన సారాంశం. ఇది పని ఒత్తిడిలోంచి పుట్టిన విసుగు. ఆ విసుగుకు కారణాలు ఉన్నాయి గానీ, ఇందులోని ఒక్కో మాటను విడదీసి చూస్తే నిలబడేది తక్కువ.

వినోదం ఎవరికైనా మేలే చేస్తుందన్న మొదటి మాట వినడానికి బాగుంటుంది. పట్టికలో ‘ఈత’ అని ఒక్క మాట రాసి ఉందనుకుందాం. వెచ్చని నీటి కొలను కీళ్ళవాతం ఉన్నవారికి హాయినిస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ వ్యవస్థ జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఒంటి వేడి పెరగడం వల్ల అదే కొలను తాత్కాలికంగా నీరసాన్ని, చూపు మసకను, కాళ్ళ బలహీనతను పెంచుతుంది. ‘తోటపని’ అన్నా అంతే. తుంటి కీలు మార్పిడి జరిగిన కొందరికి తొలి వారాల్లో తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దని శస్త్రచికిత్స చేసిన వైద్యులు చెబుతారు కాబట్టి, వాళ్ళకు నేల మీది మడి పనికిరాదు, నడుము ఎత్తున కట్టిన మడి కావాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి మట్టిలోని శిలీంధ్ర బీజాలే ప్రమాదం. వెన్నుపాముకు పైభాగంలో గాయమైనవారికి గాయం దిగువన సరిగా చెమట పట్టదు, అందువల్ల ఎండలో వాళ్ళ శరీరం వేడెక్కిపోతుంది. ఇవేవీ పట్టికలో కనిపించవు, మదింపు చేసి రాసిన ప్రణాళికలోనే కనిపిస్తాయి.

ఈ వాదనలో అందరూ సులువుగా ఒప్పుకునేది, నా దృష్టిలో అన్నిటికంటే తప్పైనది, బృందంలో వ్యక్తిగత లక్ష్యాలు కుదరవన్న మాట. ఒకే బల్ల చుట్టూ ముగ్గురు పేక ముక్కలతో ఆడుతున్నారనుకోండి. మొదటి వ్యక్తికి మెదడు కుడివైపున పక్షవాతం వచ్చింది. చూపు ఉన్నా, ఎడమవైపు పరిచిన ముక్కలు ఆయన గమనానికి రావు. ఆయన ప్రణాళికలో, బల్ల ఎడమ అంచున అంటించిన ఎర్ర పట్టీని చూసి, అక్కడి నుంచి కుడివైపుకు ముక్కలన్నిటినీ పరికించి, ఆ తర్వాతే తన వంతు ఆడాలని ఉంటుంది. మొదట్లో థెరపిస్టు ప్రతిసారీ గుర్తుచేస్తారు, తర్వాత ఒకసారి చేసి ఒకసారి మానేస్తారు, చివరికి పట్టీని కూడా తీసేస్తారు. రెండో వ్యక్తి తీవ్రమైన కుంగుబాటుతో గది దాటి రాని మహిళ. పిలవగానే వచ్చి పావుగంట కూర్చోవడమే ఈ వారానికి ఆమె లక్ష్యం, గెలుపోటములతో పనిలేదు. మూడో వ్యక్తి తలకు దెబ్బ తగిలాక వంతు రాకముందే ముక్క వేసేసే యువకుడు. ఎవరి వంతైతే వారి ముందు ఒక బిళ్ళ ఉంచుతారు, ఆ బిళ్ళ తన ముందుకు వచ్చేదాకా ఆగడం అతని లక్ష్యం. పక్కనుంచి చూసేవారికి కనిపించేది ఒక్క ఆటే. థెరపిస్టు లెక్కపెట్టేవి మాత్రం మూడు: గుర్తుచేయకుండా ఎన్నిసార్లు ఎడమకు చూశారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఎన్ని వంతులు ఆగారు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, తీసి వేసిన ముక్కల కుప్ప ఏ వైపు ఉండాలో కూడా ఈ మూడు ప్రణాళికలే నిర్ణయిస్తాయి.

ఇది సాధ్యం కావడానికి ముందుగా కార్యకలాప విశ్లేషణ జరగాలి. ఒక ఆటకు ఏ కదలికలు, ఎంత జ్ఞాపకశక్తి, ఎంతసేపటి ఏకాగ్రత, ఎంతమందితో ఎలాంటి సంబంధం, ఎలాంటి భావోద్వేగ నిగ్రహం అవసరమో విడదీసి చూసి, ఆ క్లయింటుకు పనికొచ్చే అంశాన్ని ఎంచుకోవడమే ఆ విశ్లేషణ. పట్టిక వేసేవారు ఆటను ఎంచుకుంటారు, ప్రణాళిక రాసేవారు ఆటలోని ఏ భాగం ఎవరికి అక్కరకొస్తుందో ఎంచుకుంటారు.

‘కాగితాల పని’ అన్న ఫిర్యాదులో కొంత నిజం ఉంది. పేరు మార్చి అతికించిన ప్రణాళికలు, ‘సామాజికంగా మెరుగుపడాలి’ వంటి లక్ష్యాలు ఎవరికీ ఉపయోగపడవు. అలాంటివి రాయకపోయినా నష్టం లేదని నేను కూడా అంటాను. పనికొచ్చే లక్ష్యంలో ఏ పరిస్థితిలో, ఏ ప్రవర్తన, ఏ మేరకు అన్న మూడు స్పష్టంగా ఉంటాయి: ‘బృంద కార్యక్రమంలో ఒక్కసారి గుర్తుచేస్తే, తానుగా మరొకరితో రెండుసార్లైనా మాట కలపాలి, ఇది వరుసగా మూడు సమావేశాల్లో జరగాలి.’ ఇది రాయడానికి రెండు పంక్తులు చాలు. కొద్ది రోజులే ఉండే మానసిక చికిత్స వార్డులో ఇలాంటి లక్ష్యం ఒక్కటే ఉన్నా సరిపోతుంది.

తనిఖీ కోసమే అనడం కూడా కారణాన్ని తలకిందులు చేయడమే. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకు వర్తించే ఫెడరల్ నిబంధనల ప్రకారం చేరిన 14 రోజుల్లో సమగ్ర మదింపు, అది పూర్తయిన 7 రోజుల్లో సమగ్ర సంరక్షణ ప్రణాళిక సిద్ధం కావాలి. కార్యక్రమాలు ఆ రెంటి మీద, నివాసి ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉండాలి. ఈ నిబంధనలకు మూలం నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ కోసం 1987లో చేసిన చట్టం. సంరక్షణ నాణ్యత మీద తీవ్రమైన విమర్శలు వచ్చాకే ఆ చట్టం వచ్చింది, ఈ నిబంధనల అమలును చూసే తనిఖీలు చట్టం వెంట వచ్చాయి.

ఇక ఇష్టాలు అడిగితే చాలన్న మాట. అడగడం తప్పనిసరి. పైన చెప్పిన మదింపు పత్రంలోనే సంగీతం, వార్తలు, జంతువుల సాంగత్యం, ఆరుబయట గడపడం వంటి 8 కార్యకలాపాల గురించి, అవి మీకెంత ముఖ్యమని నివాసిని నేరుగా అడిగే ప్రశ్నలు ఉన్నాయి. జవాబు చికిత్స దిశను చూపిస్తుందే తప్ప చికిత్స తానే కాలేదు. కుంగుబాటులో ఉన్నవారు ‘నాకేదీ ఇష్టం లేదు’ అంటారు. ఆనందించే శక్తి సన్నగిల్లడం ఆ జబ్బు లక్షణమే కాబట్టి, ఆ జవాబును అక్షరాలా తీసుకుంటే జబ్బునే ప్రణాళికగా రాసినట్టవుతుంది. ఇష్టమైనది ఒకప్పటిలా చేయలేకపోవడం మరో చిక్కు. ఏళ్ళ తరబడి వయొలిన్ వాయించి, పక్షవాతం తర్వాత వేళ్ళు కదలని వ్యక్తి చేతికి ‘మీకిష్టమని రాశారుగా’ అంటూ వయొలిన్ ఇస్తే, ఆయనకు అందేది సంగీతం కంటే ముందు తన నష్టమే. ఆయనకు వినడంతో మొదలుపెట్టాలా, మరొకరికి నేర్పించడంతోనా, కొన్నాళ్ళు సంగీతం ఊసే ఎత్తకూడదా అన్నది ఆయనతో కూర్చొని తేల్చుకోవాల్సిన విషయం.

లక్ష్యం ఉంటే ఆట చచ్చిపోతుందన్నది చివరి అభ్యంతరం. సవాలు నైపుణ్యానికి దగ్గరగా ఉన్నప్పుడే మనిషి పనిలో లీనమవుతాడని మనస్తత్వవేత్త చిక్‌సెంట్‌మిహాయి చెప్పారు. సవాలు మరీ ఎక్కువైతే ఆందోళన, మరీ తక్కువైతే విసుగు. ఆ దగ్గరితనం పాతికమందికి ఒకే మట్టంలో ఉండదు కాబట్టి, ఆట ఆటగా మిగలాలన్నా ఒక్కొక్కరి మట్టం తెలియాలి. ఈ వృత్తిలో ఎక్కువగా వాడే లీజర్ ఎబిలిటీ నమూనాలో చికిత్స, విరామ విద్య (తీరిక సమయాన్ని ఎలా గడపాలో నేర్పడం), వినోదంలో స్వేచ్ఛగా పాల్గొనడం అన్నవి మూడు భాగాలు. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళేకొద్దీ థెరపిస్టు అదుపు తగ్గి, క్లయింటు స్వేచ్ఛ పెరగాలి. ఎప్పుడు వెనక్కి తగ్గాలో థెరపిస్టుకు తెలియాలంటే పైన చెప్పినట్టు లెక్కపెట్టి రాసుకున్నదేదో ఉండాలి. ఎడమవైపు చూడటం అలవాటైన ఆ వ్యక్తి ప్రణాళికలో తర్వాతి పంక్తులు బహుశా ఆట గురించి ఉండవు: ఇంటికి దగ్గర్లో ఎవరితో ఆడతారు, అక్కడికి ఎలా చేరుకుంటారు, మెట్లుంటే ఏం చేస్తారు, మొదటిసారి ఎవరు తోడు వెళతారు.