ఢిల్లీ చందా కట్టిందని మన గ్రంథాలయానికి కోత పెడతారా?

విశ్వవిద్యాలయాల్లో బడ్జెట్ మాట వచ్చినప్పుడల్లా ఇప్పుడు ఒక వాదన ముందుకొస్తోంది. కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ (ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫునా పరిశోధన పత్రికలకు తానే చందా కట్టే పథకం) పెట్టాక పేరున్న జర్నల్స్ అన్నీ ఉచితంగానే వస్తున్నాయి కదా, ఇక లైబ్రరీకి విడిగా అంత పద్దు దేనికి? జర్నల్స్ కింద మిగిలింది జీతాల్లోకో, పెన్షన్లలోకో సర్దేస్తే సరిపోదా? వినడానికి సబబుగానే ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి మాత్రం ఇంతకన్నా చేటు చేసే ఆలోచన ఇంకోటి లేదు. జర్నల్ చందాల్లో మిగిలే ప్రతి రూపాయీ గ్రంథాలయానిది. అది గ్రంథాలయంలోనే ఉండాలి. ఢిల్లీ మన కోసం ఎన్నటికీ కొనని వాటి మీద ఖర్చు కావాలి.

పథకం సంగతి చాలామందికి తెలిసిందే. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఆమోదించింది, 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025, 2026, 2027 ఈ మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా ఇందులో ఉన్నాయి. అమలు బాధ్యత విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే కేంద్ర సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. ఇది మంచి పథకం, అందులో నాకు రెండో మాట లేదు. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ విద్యార్థులకు దొరికే పేపర్ ఇప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే అబ్బాయికీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసే అమ్మాయికీ, కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం స్కాలర్‌కీ అదే రోజు దొరుకుతుంది. ఇన్నాళ్లూ అది లేదు.

ఇన్నాళ్లూ రాష్ట్ర విశ్వవిద్యాలయాల లైబ్రేరియన్లు పడ్డ అవస్థ బయటివాళ్లకు పెద్దగా తెలియదు. జర్నల్ సంవత్సరం జనవరిలో మొదలై డిసెంబర్‌లో ముగుస్తుంది. మన బడ్జెట్ సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. చందా ముందే కట్టాలి, కాబట్టి అక్టోబర్, నవంబర్లలోనే ఏజెంటు నుంచి ఇన్వాయిస్ వచ్చేస్తుంది. ఆ సమయానికి గ్రాంటు రెండో విడత విడుదల కాదు. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరిగి సంతకాలు పూర్తయ్యేసరికి ఫిబ్రవరి. ఈలోగా డాలరు రేటు మారిపోతుంది. మంజూరైన మొత్తం చాలదు, మళ్లీ ఇంకో నోట్ ఫైలు పెట్టాలి. డబ్బు కట్టేసరికి మొదటి రెండు సంచికలు రానే రావు. వాటి కోసం ప్రచురణకర్తకు క్లెయిములు రాస్తూ కూర్చోవాలి. 2014లో డాలరు 60 రూపాయల దగ్గర ఉండేది, 2025 నాటికి 85 దాటింది. ప్రచురణకర్త ధర పెంచకపోయినా మనకు పెరిగినట్టే. వాళ్లు ఏటా పెంచుతూనే వచ్చారు. డబ్బున్న హార్వర్డే 2012లో ఇది మా వల్ల కావడం లేదని తన అధ్యాపకులకు నోట్ పంపింది. అప్పటికి కొందరు పెద్ద ప్రచురణకర్తలకే అక్కడ ఏటా 37 లక్షల డాలర్లకు పైగా కడుతున్నారు. అలాంటిది మన లెక్క ఎంత?

దాని ఫలితం చూడాలంటే ఏ పాత విశ్వవిద్యాలయం లైబ్రరీలోనైనా పీరియాడికల్స్ విభాగానికి వెళ్లండి. క్యాలికో బైండింగు, వెన్ను మీద బంగారు అక్షరాలతో పేరు, సంపుటం, సంవత్సరం. ఒకదాని పక్కన ఒకటి దశాబ్దాల పాటు వరుసగా ఉంటాయి. ఒక ఏడాది దగ్గర వరుస ఆగిపోతుంది. కొన్నింట్లో రెండేళ్లు విరామం వచ్చి, మళ్లీ మూడేళ్లు నడిచి, పూర్తిగా నిలిచిపోతాయి. ఎక్కడెక్కడ కోత పడిందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ అల్మారాలే చెబుతాయి.

కోత పెట్టిన తీరు కూడా సరిగా లేదు. ప్రతి శాఖకూ ఇంత శాతం తగ్గించండి అని ఒక సర్క్యులర్ వస్తుంది. ఏ శాఖ ఏమి చదువుతుందో, ఏది ఇంకెక్కడా దొరకదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. కాస్త పద్ధతిగా చేసేచోట ఒక్కో డౌన్‌లోడ్‌కు ఎంత పడిందో లెక్కగడతారు. లక్ష రూపాయల జర్నల్‌ను 400 సార్లు వాడితే ఒక్కో వ్యాసం 250 రూపాయలు. 20 వేల జర్నల్‌ను నాలుగుసార్లే తెరిస్తే ఒక్కో వ్యాసం 5,000. రెండోదాన్ని తీసేయమంటుంది లెక్క. సర్వసాధారణంగా తీసేస్తారు కూడా. కానీ మొదటి శాఖలో వందమంది స్కాలర్లు ఉండొచ్చు, రెండో శాఖలో ముగ్గురే ఉండొచ్చు. ఆ ముగ్గురిలో ఒకరు చంద్రగిరి శాసనాల మీద పనిచేస్తుండవచ్చు. ఆ జర్నల్ వాళ్లకు రాష్ట్రంలో ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. వాడకం లెక్క ఉండాలి, తప్పదు. దాని పక్కనే ‘ఇది మనం మానేస్తే ఇంకెవరి దగ్గరుంది’ అన్న గడి కూడా ఉండాలి. ఆ గడి లేని పట్టిక మీద నిర్ణయం తీసుకుంటే చిన్న శాఖలే ప్రతిసారీ బలవుతాయి.

ఇక అవతలి వాదన. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పెన్షన్ల భారం నిజం. శాశ్వత అధ్యాపకుల నియామకాలు ఏళ్లుగా నిలిచిపోయింది నిజం. నెల మొదట్లో పెన్షన్ పడని రిటైర్డ్ అటెండర్ ముందు నిలబడి పుస్తకాలకు డబ్బు కావాలని అడగడం ఎవరికీ తేలిక కాదు. ఒకే జర్నల్‌కు కేంద్రమూ కట్టి, మనమూ కట్టడం వృథా అన్నదీ సరైన మాటే. ఆ రెండో చందా తప్పకుండా మానేయాలి. అయితే పెన్షన్లు ఇవ్వాల్సింది ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలకు ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటు పెంచి ఇవ్వాలి. లైబ్రరీ పద్దు మొత్తం ఊడ్చినా ఆ భారం తీరదు. లైబ్రరీ మాత్రం ఖాళీ అవుతుంది.

ట్యాంకర్ వచ్చిందని ఇంట్లో బావి పూడ్చుకునేవాడు రాయలసీమలో ఉండడు. ఈ పథకానికి డబ్బు మంజూరైంది 2027 దాకా. ఆ తర్వాత కొనసాగొచ్చు, షరతులు మారొచ్చు. అప్పటికి మన పద్దు సున్నా అయిపోయి ఉంటే మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో ఫైలు నడిపినవాళ్లకు తెలుసు. ఒకసారి పోయిన బడ్జెట్ హెడ్ (ఖర్చు పద్దు) తిరిగి రాదు. పైగా ఈ పథకంలో వచ్చేవి జర్నల్సే, పుస్తకాలు రావు. ఎంఏ విద్యార్థికి కావలసిన పాఠ్యగ్రంథం, రిఫరెన్సు గ్రంథం, కొత్తగా వచ్చిన తెలుగు విమర్శ సంపుటి, ఇవేవీ రావు. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు కూడా లేవు. తిరుపతి చుట్టూ, చిత్తూరు నుంచి మదనపల్లె దాకా ఉన్న ప్రైవేటు కాలేజీల పిల్లలకు ఈ తలుపు తెరుచుకోలేదు.

అసలు విషయం ఇక్కడినుంచే మొదలవుతుంది. ఢిల్లీలో కూర్చుని 13,000 జర్నల్స్ కొనేవాళ్లు చిత్తూరు జిల్లా గురించి ఏం కొంటారు? ఏమీ కొనరు. కొనాలని మనం అడగడం కూడా న్యాయం కాదు, అది ఆ పథకం పనే కాదు. అంతర్జాతీయ జర్నల్స్ తేవడం దాని పని. ఈ నేల గురించి రాసినవి, ఈ నేల మీద అచ్చయినవి, ఈ భాషలో ఉన్నవి సేకరించి నిలపడం ఇక్కడి విశ్వవిద్యాలయం పని. నిన్నటిదాకా డాలరు బిల్లులు కట్టడానికే సరిపోవడం లేదన్న సాకు ఉండేది. ఆ సాకు 2025 జనవరి 1తో పోయింది.

ఈ ప్రాంతం చరిత్ర రాయాలనుకున్న విద్యార్థి ఎక్కడెక్కడ తిరగాలో చూడండి. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు ఇందులో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, కొన్ని తాలూకాలు కడప నుంచి వచ్చాయి. కాబట్టి పాత రెవెన్యూ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) చూడాలంటే మళ్లీ చెన్నైలోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. అక్కడ గది అద్దె, భోజనం, జిరాక్సుల ఖర్చు అంతా విద్యార్థి జేబులోంచే. ఫెలోషిప్ లేని స్కాలర్ మూడు రోజులు ఉండి తిరిగొచ్చేస్తాడు. ఆ మూడు రోజుల్లో దొరికిన దానితోనే థీసిస్ రాస్తాడు. తర్వాత మనమే కూర్చుని పరిశోధన నాణ్యత పడిపోయిందని బాధపడతాం. జర్నల్స్‌లో మిగిలిన సొమ్ములో కొంత పెట్టి ఆ రికార్డుల డిజిటల్ ప్రతులు తిరుపతికి తెప్పించే ఒప్పందం ఎందుకు చేసుకోకూడదు?

చెన్నైలోనే ఇంకో ఉదాహరణ ఉంది. చెట్టినాడు ప్రాంతంలోని కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే ఒక వ్యక్తి జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, నాటకాల కరపత్రాలు కూడబెట్టారు. ఆయన పోయాక 1994లో షికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొని చెదిరిపోకుండా చెన్నైలోనే ఉంచింది. ఈ రోజు రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం చూడకుండా ఆధునిక తమిళ సమాజం మీద పనిచేయడం కష్టం. మన దగ్గర అలాంటి సేకర్తలు లేకపోలేదు. పుత్తూరులో, పలమనేరులో, శ్రీకాళహస్తిలో రిటైరైన తెలుగు పండితుల ఇళ్లలో ఇప్పటికీ ట్రంకుపెట్టెల నిండా పాత మాసపత్రికలు, చిన్న పత్రికలు, శతకాల అచ్చు ప్రతులు ఉంటాయి. పెద్దాయన పోతారు, పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, ఇల్లు అమ్మేటప్పుడు ఆ పెట్టెలు కిలోల లెక్కన పాత పేపర్ల బండి ఎక్కుతాయి. విశ్వవిద్యాలయానికి ఇద్దామని ఫోన్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. తీసుకెళ్లడానికి వ్యాను లేదు, పెట్టడానికి ర్యాకులు లేవు, జాబితా రాయడానికి మనుషులు లేరు అన్న జవాబు వస్తుంది. వ్యానుకు, ర్యాకులకు, ఇద్దరు క్యాటలాగర్లకు అయ్యే ఖర్చు ఒక పెద్ద ప్రచురణకర్త ప్యాకేజీ ముందు ఎంత?

పోనీ, తిరుపతిలో ఇలాంటి పనికి పునాది లేదా అంటే ఉంది. టీటీడీ 1939లో నెలకొల్పి తర్వాత విశ్వవిద్యాలయానికి అప్పగించిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, అందులో తాళపత్రాలున్నాయి. సంస్కృతానికి ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయమే ఉంది. గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులు క్యాంపస్‌లోనే ఉన్నారు, వాళ్లకు ప్రాక్టికల్ పని కూడా కావాలి. ఇన్ని ఉన్న ఊళ్లో లేనిది ఒక్కటే, ఏటా కచ్చితంగా వస్తుందని నమ్మదగిన నిధి.

దీన్ని నేను సీమ సమస్యగానే చూస్తాను. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు నీళ్లతో పాటు ఉన్నత విద్య గురించీ సీమ పెద్దలు పట్టుబట్టారు. చదువు కోస్తాలోనే పోగుపడకూడదన్నది వాళ్ల పట్టు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదికి, 1954లో తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చింది. భవనాలు వచ్చాయి, శాఖలు వచ్చాయి, డిగ్రీలు వచ్చాయి. సీమ తన గురించి తాను తెలుసుకోవడానికి కావలసిన సామగ్రి మాత్రం ఇంకా సగం చెన్నైలో, సగం హైదరాబాద్‌లో ఉంది. అదే నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ సాహిత్య మాసపత్రిక 1991 దాకా నడిచింది. దాని సంచికలన్నీ చిరగని ప్రతులుగా, ఒకేచోట, విషయసూచికతో సీమలో ఎన్ని గ్రంథాలయాల్లో ఉన్నాయో అడిగి చూడండి. కడపలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలబడిందంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి లాంటివాళ్లు చందాలు పోగుచేసి పూనుకోబట్టే. నీటి ప్రాజెక్టుల కోసం రోడ్డెక్కే మనం గ్రంథాలయ నిధుల కోసం ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

గ్రంథాలయం పేరు మీద వచ్చిన డబ్బు వేరే దారి పట్టడం మనకు కొత్త కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసి కూడా దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా బకాయి పెట్టడం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కొత్త పుస్తకాలు రాని శాఖా గ్రంథాలయాలు అందుకే అలా ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో కూడా అదే జరగబోతోందన్నది నా భయం. రాధాకృష్ణన్ కమిషన్ 1949లోనే విశ్వవిద్యాలయ బడ్జెట్‌లో 6 శాతానికి పైగా గ్రంథాలయానికి కేటాయించాలని చెప్పింది. ఆ దరిదాపుల్లో ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయం నాకు కనబడలేదు.

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’లో ఉన్నవాటికి మన చందా ఆపండి. లేనివాటిలో ఏది ఉంచాలో, ఏది మానాలో శాఖలతో కూర్చుని, వాడకం లెక్కలు అందరికీ చూపించి తేల్చండి. మిగిలిన మొత్తాన్ని ప్రాంతీయ, తెలుగు సేకరణ అని వేరే హెడ్ తెరిచి అందులో వేయండి, ఏడాది చివర్లో ఖర్చు కాలేదని వెనక్కి లాగకండి. వచ్చే బడ్జెట్ సమావేశంలో పాలకమండలి సభ్యులు ఈ లెక్క అడిగి తీరాలి: 2024లో జర్నల్స్‌కు ఎంత కట్టారు, 2025లో ఎంత కట్టారు, ఆ తేడా ఏ ఖాతాలోకి వెళ్లింది? ఆ కాగితం మీద ఫైనాన్స్ ఆఫీసర్ సంతకం ఉండాలి, దాన్ని లైబ్రరీ నోటీసు బోర్డులో అంటించాలి.